రెండు తిప్పుల తాళం

తనను గదిలో పెట్టి బయట తాళం వెయ్యమని పెళ్ళాన్ని బతిమాలుకున్న మొగుడు ఆ వీధి మొత్తానికి ఆయనొక్కడే. పైగా ఆయన వృత్తి తాళాలు బాగుచెయ్యడం. అందరూ తాళాలాయన అనేవారు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి లోకం అంతకన్నా మంచి పేరు పెట్టదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు తాళంచెవి పోగొట్టుకుని సొంత గుమ్మం ముందు నిలబడ్డ రోజున మాత్రం ఆ పేరుకు ‘గారు’ తగిలిస్తారు. తలుపు తెరుచుకోగానే దాన్ని మళ్ళీ ఊడదీస్తారు.

తాళాలాయనకు రచయిత కావాలని కోరిక. కొట్టులో ఒక రేకు డబ్బా నిండా దిక్కులేని తాళంచెవులు ఉండేవి. అవి ఏ తలుపులవో ఎవరికీ తెలియదు. పని లేని వేళ ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, దాని పళ్ళ సందుల్లోంచి ఆయనకు ఒక ఇల్లు కనిపించేది. ఇంట్లో ఒక దీపం, దీపం దగ్గర ఎవరో వెనక్కి తిరిగి కూర్చుని ఉండేవారు. ఆ మనిషి ఇటు తిరిగేలోపు ఎవడో వచ్చి ఊడిపోయిన సూట్‌కేసును బల్ల మీద పడేసేవాడు. ఇల్లు మాయమయ్యేది. పాతికేళ్ళుగా ఆ మనిషి ముఖం ఆయన చూడలేదు.

ఆ మధ్య ఒక వారపత్రిక కథల పోటీ పెట్టింది. నెలాఖరు శనివారానికల్లా కథ వాళ్ళకు చేరాలి. తాళాలాయన ఉండబట్టలేక పక్క సెలూన్ ఆయనతో తాను రాస్తున్నానని చెప్పాడు. సెలూన్‌లో చెప్పిన మాట వెంట్రుకలతో పాటు ఊడ్చి పారేసేది కాదు. రెండు రోజుల్లో పాలు పోసేవాడు కూడా కథ ఎంతవరకు వచ్చిందని అడగడం మొదలుపెట్టాడు. ఇక రాయకపోతే ఆ వీధిలో తలెత్తుకుని తిరగడం కష్టం.

ఆ పత్రికలోనే ఎవరో పెద్దమనిషి సలహాలు రాశాడు. రోజూ ఒకే వేళకు ఒకే కుర్చీలో కూర్చోవాలట. స్ఫూర్తి కోసం ఎదురుచూడకూడదట. మనం రోజూ అక్కడ ఉంటామని తెలిస్తే అదే వెతుక్కుంటూ వస్తుందట. తాళాలాయన దీన్ని భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి. రోజుకు కొన్ని వందల చిరునామాలు చదివి వచ్చే మనిషికి ఇంటికొచ్చాక అక్షరమంటే పెద్ద మోజు ఉండదు.

“వస్తే రానివ్వండి, కానీ ఇంట్లో మనిషి ఉండాలి. మూడుసార్లు తలుపు కొట్టి చూస్తాం, లేకపోతే వెనక్కి పంపేస్తాం,” అందావిడ.

తాళాలాయన తెల్లవారుజామున అయిదింటికి లేవడం మొదలుపెట్టాడు. మొదటిరోజు కుర్చీ కిర్రుమంది. కిర్రుమనే కుర్చీలో ఎవరు మాత్రం రాయగలరు? నూనె వేశాడు. రెండోరోజు కుర్చీ ఊరుకుంది కానీ, ఆ నిశ్శబ్దంలో తలుపు బందుల మోత వినిపించింది. వారం తిరిగేసరికి ఇంట్లో ప్రతి బందూ, ప్రతి గడియా వెన్నపూసలా జారుతున్నాయి. కాగితం మాత్రం దుకాణంలో కొన్నప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

కిటికీ కూడా ఒక అడ్డంకి. ఆ వేళప్పుడు ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బి, లేచి, పడవల్లా ఎక్కడికో బయలుదేరేవి. తాళాలాయన కూడా వాటి వెంట వెళ్ళిపోయేవాడు. తిరిగి వచ్చేసరికి ఏడయ్యేది, కాఫీ చల్లారిపోయేది.

“ఇదంతా మనసులో రాస్తున్నట్టే లెక్క,” అన్నాడు ఒకరోజు.

“అయితే మనసులోనే పోటీకి పంపండి. తపాలా బిళ్ళ కూడా అక్కర్లేదు,” అందావిడ.

అప్పుడు పుట్టింది తాళం ఆలోచన. బయట తాళం పడితే మనిషి రాయక ఏం చేస్తాడు? మర్నాడు అయిదింటికి ఆవిడ నిద్రకళ్ళతో గదికి తాళం వేసి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించి వెనక్కి తిరిగితే ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. కలంలోని స్ప్రింగు తీసి, సాగదీసి, తాళం తెరిచాడట. ముప్పై రెండు అంకెలు లెక్కపెట్టేలోపు. ఆ కలం చేసిన మొదటి పని అది.

“రాయకుండా ఎందుకొచ్చారు?”

“తెరవగలనో లేదోనని చూశాను. తెరిచాక లోపల ఎందుకని వచ్చేశాను.”

కాబట్టి తాను కూడా తెరవలేని తాళం ఒకటి చెయ్యాలి. పదకొండు రోజులు, తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా, తాళాలాయన ఒకే కుర్చీలో ఒకే వేళకు కూర్చుని ఆకురాయితో ఇనుము రాశాడు. సలహాల పెద్దమనిషి చూస్తే మెచ్చుకునేవాడు. తయారైన తాళానికి లోపలివైపు చెవిరంధ్రం లేదు, మర లేదు, నున్నటి పలక తప్ప ఏమీ లేదు. బయటినుంచి చెవిని రెండుసార్లు తిప్పాలి. తిప్పుకొక ‘టక్’. ఒక్క తిప్పుకు గడియ సగమే దిగుతుంది.

దాన్ని పరీక్షించాలంటే లోపల ఒక మనిషి కావాలి. ఆయన బయట ఉండి చూడాలి కదా మరి. ఆవిడ ఉద్యోగానికి బయలుదేరుతూ, ఒక్క నిమిషమేనన్న మాట నమ్మి లోపలికి వెళ్ళింది. టక్, టక్. అద్భుతంగా పడింది. తీసేటప్పుడు చెవి విరిగింది.

తరువాతి రెండు గంటల గురించి ఆ వీధి చాలాకాలం చెప్పుకుంది. సెలూన్ ఆయన సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి నిచ్చెన తెచ్చాడు. కిటికీ ఊచల్లోంచి ఆవిడకు కాఫీ అందించాడు. సగం గడ్డం మనిషి కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. తపాలా కార్యాలయం నుంచి మనిషి వచ్చి, ఉత్తరాలన్నీ కుప్పగా పడి ఉన్నాయని కబురు చెప్పాడు. తాళాలాయన చెమటలు కక్కుతూ ఆకురాయితో మరో చెవి రాశాడు. తలుపు తెరుచుకున్నాక ఆవిడ ఆయనవైపు చూడలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అరవకపోవడం చూసి సెలూన్ ఆయనే భయపడ్డాడు.

గురువారం వచ్చింది. ఆవిడ సెలవు పెట్టి, ఇల్లు మారుతున్న చెల్లెలికి సాయంగా వెళ్తోంది. ఎల్లుండే శనివారం. తాళాలాయన తలవంచుకుని కొత్త చెవి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గదిలో మంచినీళ్ళు, మూతపెట్టిన పళ్ళెం పెట్టింది. సాయంత్రం వస్తానంది. తలుపు వేసింది.

టక్. టక్.

చెప్పుల చప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మొదటి రెండు గంటలు తాళాలాయన ఆ పలకతోనే గడిపాడు. గోటితో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు, స్ప్రింగుతో సందులు వెతికాడు. లొంగలేదు. తలుపుకున్న ఉంగరం పట్టుకుని లాగడమనే పని మాత్రం చెయ్యలేదు. తాళం పడ్డ తలుపును లాగేవాళ్ళంటే ఆయనకు మొదటినుంచీ చులకన. కొట్టుకొచ్చిన వాళ్ళను ఆ విషయం మీద తిట్టేవాడు కూడా. “పడిందని తెలిశాక లాగడమెందుకండీ, అది మాటిచ్చింది కదా.”

మధ్యాహ్నమైంది. దుప్పట్లు ఎవరో తీసేసినట్టున్నారు, ఎదురు డాబా ఖాళీగా ఉంది. వెళ్ళడానికి పడవలు కూడా లేవు. జేబులో దిక్కులేని తాళంచెవి ఒకటి చేతికి తగిలింది. కిటికీ వెలుతురుకు ఎత్తాడు. దీపం, దీపం దగ్గర మనిషి. ఈసారి సూట్‌కేసు తెచ్చేవాడు ఎవడూ లేడు. మనిషి మెల్లగా ఇటు తిరిగింది.

ఆవిడ ఎవరో తెలుసు. పాతికేళ్ళ క్రితం కొట్టుకొచ్చిన ముసలావిడ. చిన్న చెవి ఒకటి బల్ల మీద పెట్టి, ఇది ఏ పెట్టెదో చెప్పగలవా బాబూ అని అడిగింది. పెట్టె పోయింది, ఎలా ఉండేదో మరిచిపోయింది, చెవి మిగిలింది. తాళాలాయన చెవిని చూసి పెట్టె చెప్పాడు. ఇంత పొడుగు, ఇత్తడి మూలలు, మూత తీసేటప్పుడు చిన్న మూలుగు. ముసలావిడ కళ్ళు మూసుకుని వింది. అదేనంది. చెవిని కొంగున ముడివేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

తాళాలాయన కలంలో స్ప్రింగు మళ్ళీ పెట్టాడు. రాయడం మొదలుపెట్టాక పళ్ళెం మూత తియ్యలేదు.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ రెండు చేతుల్లో రెండు సంచులు. భుజంతో తోసి లోపలికి వచ్చింది.

తాళాలాయన ఆవిడ చేతులవైపు చూశాడు, తలుపువైపు చూశాడు. “చెవి ఏది?”

“వంటింట్లో మేకుకు తగిలించాను, పొద్దున్నే.”

“మరి రెండు టక్కులు విన్నాను.”

“ఒకటి అటు తిప్పాను, ఒకటి ఇటు తిప్పాను.” ఆవిడ సంచులు కింద పెట్టింది. “మనిషిని లోపల పెట్టి తాళం వేసి ఊరవతలకు పోతానా? ఆ రోజు నేను లోపల ఉన్నాను కదా, తెలుసు నాకు. ఒక్కసారి లాగి చూడకపోయారా?”

ఆయనకు వృత్తిలోకి వచ్చాక ఇంత చిన్నబోయిన రోజు లేదు.

ఆవిడ బల్ల మీది కాగితాలు తీసింది. తొమ్మిది పేజీలు. చెప్పులు కూడా విడవకుండా గడపలోనే కూర్చుని చదివింది. ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. చివరి పేజీ తిప్పి, వెనకవైపు ఏమైనా ఉందేమోనని చూసింది.

“పెట్టెలో ఏముందో రాయలేదేం?”

“ఇంకా అక్కడికి రాలేదు.”

“రేపు సాయంత్రం తపాలా సంచీ కట్టేలోపు ఇస్తే శనివారానికి చేరుతుంది. నేనే వేస్తాను.”

తాళాలాయన మేకు దగ్గరికి వెళ్ళి చెవి తెచ్చాడు. ఆవిడ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

“రేపు కూడా అలాగే రెండు తిప్పులు తిప్పి వెళ్ళు,” అన్నాడు. “ఎటు తిప్పావో మాత్రం నాకు చెప్పకు.”