ఖాళీ కడుపుతో ప్రారంభోత్సవం

"చరిత్రలోనే తొలిసారిగా! పెద్ద కోత లేకుండా, చిన్న చిన్న రంధ్రాలతోనే గుండెమంటకు ఆపరేషన్! గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రివర్యులు మన పెద్దాసుపత్రికి ప్రసాదించిన అధునాతన యంత్రం!"

పార్టీ ప్రచార వ్యాన్లో తిరుగుతూ ఈ శుభవార్తను ఊరంతా చాటింది మైకు బాబాయే. ఆ యంత్రానికి మొదటి పేషెంటు కూడా ఆయనే కావడం పార్టీ క్రమశిక్షణకు నిదర్శనం. పొట్టలోని పులుపు గొంతులోకి ఎగదన్ని ఎగదన్ని ఆయన కంచుకంఠం కాస్తా తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంటోంది. మింగిన ముద్ద ఛాతీలో అడ్డం పడుతోంది. గొంతు పోతే మైకు పోతుంది, మైకు పోతే ఇల్లు గడవదు. ఆ బెంగతో మనిషి సగమైపోయాడు.

సర్జనమ్మ ఓపిగ్గా చెప్పింది. "మందులకి లొంగే దశ దాటిపోయింది బాబాయ్. మీ పొట్ట పైభాగం ఛాతీలోకి జారింది. లోపలికి కెమెరా పంపి చూసుకుంటూ దాన్ని కిందికి లాగి, అన్నవాహిక చుట్టూ మడతేసి కుడతాను. పులుపు ఇక పైకి రాదు."

"ఎప్పుడు చేస్తారమ్మా?"

"మంత్రిగారు రిబ్బన్ కత్తిరించగానే."

అందుకని, మంత్రిగారు వస్తారన్న సోమవారం పొద్దుట్నుంచీ ఆయనకు పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ రోజు మంత్రిగారికి అత్యవసర సమావేశం పడింది. మర్నాడు ఒక వంతెన ఆయన కోసం ఎదురుచూసింది. బుధవారం ఫొటోగ్రాఫర్ దొరకలేదు. రోజూ సాయంత్రం సూపరింటెండెంటు వచ్చి, బాబాయి త్యాగాన్ని కొనియాడి, సెలైన్ సీసా మార్పించి వెళ్లేవాడు.

"కాస్త జావైనా ఇద్దాం సార్" అంది సర్జనమ్మ.

"మంత్రిగారు బయల్దేరారమ్మా. దారిలో ఉన్నారు."

"మూడ్రోజులుగా దారిలోనే ఉన్నారా?" అంది బాబాయి భార్య.

"ప్రజాసేవ అంటే మాటలా అమ్మా" అన్నాడు సూపరింటెండెంటు.

గురువారం మంత్రిగారు రానే వచ్చారు. రిబ్బన్ కత్తిరించి, యంత్రాన్ని నిమిరి, టీవీ కెమెరాల వైపు తిరిగి, బాబాయి ఛాతీ మీద చెయ్యి వేశారు.

"ఏం బాబాయ్, మంట ఎలా ఉంది?"

బాబాయికి అబద్ధం చేతకాదు. కడుపులో ఏమైనా ఉంటే కదా ఎగదన్నడానికి.

"ఇప్పుడు లేదు సార్."

"విన్నారా?" అన్నారు మంత్రిగారు విలేకర్లతో. "ఇంకా స్విచ్ కూడా వెయ్యలేదు."

చప్పట్లు మార్మోగాయి.

"సార్, అది పస్తుల వల్ల" అంది సర్జనమ్మ. "ఏదైనా తినగానే మళ్లీ మొదలవుతుంది."

"డాక్టరమ్మగారి వినయం చూడండి" అన్నారు మంత్రిగారు.

బాబాయి చేతులు జోడించాడు. "సార్, మీ కాళ్లు పట్టుకుంటాను, ఆపరేషన్ చేయించండి సార్."

"నయమైనవాణ్ణి కోయించడం మా ప్రభుత్వ విధానం కాదు బాబాయ్."

కెమెరాలు వెళ్లిపోయాయి. ఇద్దరు మనుషులు యంత్రాన్ని దొర్లించుకుంటూ వ్యాన్ ఎక్కించారు. పక్క ఊరి ఆసుపత్రిలో రేపు దానికి ప్రారంభోత్సవమట. బాబాయి భార్య కళ్లు తుడుచుకుని, ఫ్లాస్కులోని జావ కప్పులో పోసి మొగుడి నోటికి అందించబోయింది. అంతలో మంత్రిగారి పీఏ పరుగెత్తుకొచ్చి ఆ కప్పు లాక్కున్నాడు.

"ఎంత పని చేస్తున్నావమ్మా. ఈయన కూడా ఆ వ్యాన్ ఎక్కాలి. అక్కడా మొదటి పేషెంటు ఈయనే."

బాబాయి మెల్లగా లేచి కూర్చున్నాడు. "అక్కడైనా ఆపరేషన్ చేస్తారా బాబూ?"

"మంట ఉంటే తప్పకుండా చేస్తారు" అన్నాడు పీఏ. "అందాకా ఏమీ తినకండి."