జబ్బు చేసిన కారు కావలెను

ఆ ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు పెట్టుకున్న పని చాలా చిన్నది. కారు కొనడానికి ఒకాయన వస్తున్నాడు. ఆయన వచ్చేలోగా దాన్ని కాస్త పాడుచేయాలి. మరీ ఎక్కువ కాదు, కొనేవాడు బానెట్ ఎత్తి చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేటంత.

నిజానికి అది మామూలు కారు కాదు. నాలుగు తలుపులతో పైకి సంసారపక్షంగా కనబడుతూ, లోపల పందెపు గుర్రాన్ని దాచుకున్న జాతి. పదేళ్ల కిందట, ఎవరో కదలడం లేదని మూలన పడేస్తే, డాక్టరు దాన్ని లాగించుకొచ్చాడు. అప్పట్నుంచి వారమంతా జనం నోళ్లలోకి తొంగిచూడటం, ఆదివారం బానెట్‌లోకి తొంగిచూడటం, ఇదీ ఆయన జీవితం. స్ప్రింగులు మార్చి కారును నేలకు దించాడు. బ్రేకులు మార్చాడు. గాలి పీల్చే గొట్టం మార్చాడు, పొగ వదిలే గొట్టం మార్చాడు. గేరు పడితే చేతికి తెలియాలి తప్ప చెవికి తెలియకూడదని గేరు రాడ్డు కూడా పొట్టిది వేశాడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ కారు దానంతట అది ఏనాడూ ఆగలేదు. ఆగినప్పుడల్లా అంతకు ముందురోజు డాక్టరు దానిమీద చెయ్యి వేసి ఉండేవాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పేషెంట్లకు హితవు చెప్పే మనిషికి, సొంత కారు దగ్గరికొచ్చేసరికి ఆ సామెత గుర్తుండేది కాదు. కిందటి నెల ఆయన భార్య పనిచేసే స్కూల్లో వార్షికోత్సవం. ఆవిడ ఆ స్కూలుకు హెడ్మిస్ట్రెస్. సరిగ్గా ముందురోజే డాక్టరు పెట్రోలు పంపు మార్చాడు. కారు సగం దారిలో నిలబడిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు కొత్త బట్టల్లో, పాడైన బండ్లను లాక్కెళ్లే లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని స్కూలు గేట్లోకి ప్రవేశించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆవిడ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రమే ఆవిడ, "అమ్మేయండి," అంది.

"సరే," అన్నాడు డాక్టరు. ఆ పరిస్థితిలో ఏ మగవాడైనా అనగలిగింది అదే.

మాటిచ్చాక ఆ పంపు సరిచేశాడు. మిగిలిన నట్లన్నీ బిగించాడు. తీరా చూస్తే చెయ్యాల్సిన పని ఇంకేమీ మిగల్లేదు. పదేళ్లలో మొదటిసారి కారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది, అమ్మకానికి ఉంది. అది వెళ్లిపోతే ఆదివారం పొద్దున లేచి తను ఎక్కడికి పోవాలో డాక్టరుకు తెలియదు. తమాషాకు కాదు, నిజంగానే తెలియదు. ఆ దిగులుతో రెండు రాత్రులు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. కానీ కొనేవాడే వద్దని వెళ్లిపోతే అది మాట తప్పినట్టు అవుతుందా?

అందుకని పొద్దున్నే బానెట్ ఎత్తాడు. నాలుగు సిలిండర్లలో ఒకదానికి నిప్పురవ్వ అందించే వైరు ఊడదీశాడు. రాయిలాంటి పన్ను పీకుతున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత కారు కిందికి దూరి, సైలెన్సరును పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి తీసేసి, రెండోదాన్ని సగం వదిలాడు. "ఏమీ అనుకోకే తల్లీ, సాయంత్రానికల్లా బిగించేస్తా," అని కారు తలుపు మీద తట్టాడు.

వరండాలో బఠానీలు ఒలుస్తున్న అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

"ఊడదీస్తున్నారా బాబూ, పెడుతున్నారా?"

"సర్దుతున్నానండీ అత్తయ్యగారూ."

"ఏమోనమ్మా! మీరు సర్దినప్పుడల్లా మా అమ్మాయి లారీ ఎక్కుతుంది," అని ఆవిడ బఠానీల్లోకి తలవంచుకుంది.

కొనేవాళ్లు తమ సొంత కారులోనే వచ్చారు. అదీ ఇదే జాతిది, ఇంకా పాతది. దగ్గుతూ, రొప్పుతూ గేటు ముందు ఆగింది. దిగినాయన కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరర్. సన్నగా, ఆత్రంగా ఉన్నాడు, గోళ్ల కింద నలుపు. ఆయన వెంట భార్య దిగింది. ఆవిడ లాయరు. చుట్టూ ఒకసారి చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా, కోర్టులో తన వంతు వచ్చేదాకా ఆగే మనిషిలా వరండాలో కుర్చీలో కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ ఆవిడకు టీ ఇచ్చి తనూ పక్కనే కూర్చుంది.

డాక్టరు ఇంజను స్టార్ట్ చేశాడు. కారు చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికింది.

"ఏమండీ, నిన్నటిదాకా బాగానే ఉందిగా!" అంది హెడ్మిస్ట్రెస్ కంగారుగా.

"నిన్నటిదాకా నా మోకాలూ బాగానే ఉంది. వయసు మీదపడితే అంతే."

లెక్చరర్ మాత్రం వెనక్కి జరగలేదు. చెవి బానెట్‌కు ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఒక సిలిండరు పలకడం లేదు. విన్నారా?"

"విన్నానండీ. పెద్ద జబ్బే. ఇంజను మొత్తం కిందికి దించాల్సి రావచ్చు."

"దించాలంటారా?" లెక్చరర్ కళ్లు తెరిచాడు. ఆ కళ్లు మెరుస్తున్నాయి. "నా దగ్గర గొలుసు కప్పీ ఉంది. పోయినేడాదే కొన్నాను, వాడే అవకాశమే రాలేదు."

డాక్టరు మందు మోతాదు చాలలేదనుకున్నాడు. "అంతేకాదు, రెండో గేరు ఒక్కోసారి పడదు."

"గేర్‌బాక్సు కూడానా!" అన్నాడు లెక్చరర్. ఒక బొమ్మ అడిగితే రెండు చేతిలో పెట్టినప్పుడు పిల్లలు అలా అంటారు.

అంతలో వరండాలోంచి అత్తగారు, అల్లుడి కష్టం నలుగురికీ తెలియాలని కాబోలు, గొంతు పెంచింది. "పాపం, మా అల్లుడుగారు పొద్దున్నుంచీ దాంతోనే అవస్థ పడుతున్నారండీ. ఏవేవో వైర్లు ఊడదీస్తూనే ఉన్నారు."

డాక్టరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇక అయిపోయింది, ఇప్పుడు ఈయన తిట్టి వెళ్లిపోతాడు, పోనీ అదీ మంచిదే అనుకున్నాడు. లెక్చరర్ తిట్టలేదు. దగ్గరికొచ్చి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"అర్థమైంది డాక్టరుగారూ. ఇంకొకరైతే జబ్బు కప్పిపెట్టి అంటగడతారు. మీరు విప్పి మరీ చూపిస్తున్నారు. ఇలాంటి మనిషి చేతిలో పెరిగిన కారు ఎలా వదులుకుంటానండీ?"

"వద్దండీ, నా మాట వినండి. ఇది మీకు తలనొప్పి."

"ఓహో! ఇంకెవరో అడుగుతున్నారన్నమాట. వాళ్లకు మాటివ్వకండి. ముందు వచ్చింది నేను. పదండి, ఒక చుట్టు తిరిగొద్దాం."

కాదనడానికి దారి లేక డాక్టరు బయల్దేరాడు. వీధి మలుపులో చిన్న గుంత వచ్చింది. సగం వదిలిన బోల్టు అక్కడ తన పని తాను చేసుకుపోయింది. సైలెన్సరు ఒక కొస ఊడి రోడ్డు మీద పడి, కాసేపు కారు వెనకాల నేలకు ఈడ్చుకుంటూ నిప్పులు రాలుస్తూ వచ్చి, ఆఖరికి పూర్తిగా విడిపోయింది. సైలెన్సరు లేని ఆ ఇంజను ఒక్కసారి గర్జించేసరికి వరసగా నిలబెట్టిన కార్ల అలారాలన్నీ ఒకేసారి అందుకున్నాయి. కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరి కుక్కో తోక ముడిచి పక్కవాళ్ల ఇంట్లోకి దూరింది.

డాక్టరు కారు ఆపగానే లెక్చరర్ దిగి, కోటు విప్పి, కాలుతున్న సైలెన్సరును అందులో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని మళ్లీ కారులో కూర్చున్నాడు. కోటులోంచి పొగ వస్తోంది. ఆయనకు పట్టలేదు.

"తీసుకుంటున్నాను," అన్నాడు కారు కదలగానే, ఆ హోరులో అరుస్తూ. "ఖాయం!"

"దీన్నా? ఇంత చూశాక కూడానా?"

"బాగున్న కారు ఎవరికి కావాలి డాక్టరుగారూ? అది డబ్బుంటే ఎవడైనా కొంటాడు!"

డాక్టరు కాలు బ్రేకు మీద పడింది. ఆ మాట ఆయనకు కొత్త కాదు. పదేళ్ల కిందట ఈ కారును లాగించుకొచ్చిన రోజు భార్యతో తను అన్నది అక్షరాలా ఇదే. పొద్దున్నుంచి తను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. చేపను తరిమేద్దామని గాలానికి మీద మీద ఎర గుచ్చుతున్నాడు. ఈ మనిషిని పంపించాలంటే దారి ఒకటే. కారు బాగుండాలి. వీలైనంత బాగుండాలి.

ఇల్లు చేరగానే బానెట్ ఎత్తి ఊడిన వైరు టక్కున పెట్టేశాడు. కారును జాకీ మీద లేపి ఇద్దరూ కిందికి దూరారు. వరండాకు నాలుగు పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

"ఆదివారం పూట మా ఆయన మొహం చూసి ఏళ్లయిందండీ," అంది లాయరు. "పాదాలైతే ఎక్కడున్నా గుర్తుపడతాను."

"ఎడమ వైపువి మావారివి," అంది హెడ్మిస్ట్రెస్. ఆ క్షణం నుంచి ఇద్దరూ అక్కచెల్లెళ్లు అయిపోయారు.

సైలెన్సరు బిగిసింది. డాక్టరు మళ్లీ ఇంజను స్టార్ట్ చేశాడు. ఈసారి వణుకు లేదు, దగ్గు లేదు. బానెట్ మీద నిండు గ్లాసుతో నీళ్లు పెట్టాడు. చుక్క తొణకలేదు.

"ఇందాకటిదంతా నేను చేసిందేనండీ," అన్నాడు గొంతు తగ్గించి. "అమ్మడానికి మనసొప్పక. నిజానికి దీనికి ఏ జబ్బూ లేదు. బ్రేకులు కొత్తవి. గేర్లు చూడండి, రెండో గేరు ఎంత హాయిగా పడుతుందో."

తనను మోసం చేశాడని లెక్చరర్‌కు కోపం రాలేదు. అంతకంటే పెద్ద కష్టమే వచ్చింది. కారు చుట్టూ తిరిగాడు. కిందికి వంగాడు. చక్రాలు పట్టుకుని ఊపాడు. ఎక్కడా ఏమీ కదలలేదు.

"మరి దీనికి నేనేం చెయ్యాలి?" అన్నాడు నీరసంగా.

"ఏమీ లేదు. వారానికోసారి కడుక్కోవడమే."

"అయితే వద్దులెండి," అన్నాడు లెక్చరర్, కాలిన కోటు దులుపుకుంటూ. డాక్టరుకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. సంతోషం మొహంలో కనబడకూడదని గ్లాసులో నీళ్లు తనే తాగేశాడు.

"ఒక్క నిమిషం," అంది లాయరు. టీ కప్పు కింద పెట్టి, కుర్చీలోంచి లేచి వచ్చింది. "డాక్టరుగారూ, అడిగినదానికి అవునో కాదో చెప్పండి చాలు. ఈ కారు రోజూ పొద్దున ఒక్క తాళం తిప్పుకే స్టార్ట్ అవుతుందా?"

"అవునండీ."

"దీని కింద ఎవరైనా పడుకోవాల్సిన అవసరం ఉందా?"

డాక్టరుకు ప్రమాదం కనబడింది. ఉందని ఒక్క మాట అంటే చాలు. కానీ పొద్దుటి నుంచి ఆ కారు మీద ఆడిన అబద్ధాలే గొంతు దాకా ఉన్నాయి. పదేళ్ల చేతి పనిని ఇంకొక్కసారి నిందించడానికి ఆయనకు నోరు రాలేదు.

"లేదండీ," అన్నాడు. "నా చేత్తో బిగించాను. ఎవరూ పడుకోనక్కర్లేదు."

"అయితే కొంటున్నది నేను. ఇంటికి కారు కొందామంటే మా ఆయన ఇన్నాళ్లూ నాకు చూపించినవన్నీ ఆస్పత్రి సరుకే. నాకు కావలసింది ఇదీ." భర్త ఏదో అనబోతే ఆవిడ అటు తిరగనైనా లేదు. "బానెట్ ఎత్తేవాళ్లు ముందు నా అనుమతి తీసుకోవాలి."

హెడ్మిస్ట్రెస్ లోపలికెళ్లి కాగితాలు తెచ్చింది. అంత తొందరగా ఆవిడ నడవడం కన్నతల్లి కూడా ఎప్పుడూ చూడలేదు.

తాళాలు ఇవ్వబోయి డాక్టరు మళ్లీ కారులోకి వంగాడు. స్టీరింగు ఒకసారి తుడిచాడు, తుడవాల్సిందేమీ లేకపోయినా. ఆ మొహం చూసి భార్యకు నిజంగానే జాలేసింది. పోనీ ఉంచుకోండి అని నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆ చప్పట్లు వినిపించాయి, ఊరుకుంది.

"మరి మీ పాత కారో?" అని మాత్రం అడిగింది లాయరును.

"తుక్కుకే. ఈ పూటకి మీ వాకిట్లో ఉండనివ్వండి. రేపు తుక్కువాడు ఇక్కణ్నుంచే ఎత్తుకుపోతాడు."

లెక్చరర్ తన పాత కారు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. డాక్టరు ఆయన పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఓదార్చడానికే వెళ్లాడు.

"చల్లగా ఉన్నప్పుడే తెల్లపొగ వస్తుంది," అన్నాడు లెక్చరర్ మెల్లగా. "వేడెక్కాక ఉండదు. ఎందుకో ఏడాదిగా అంతుపట్టలేదు."

"వేడెక్కాక అసలు ఉండదా?" అన్నాడు డాక్టరు.

కొత్త యజమానురాలు కారు నడుపుకుంటూ వెళ్లిపోయింది. పక్క సీట్లో లెక్చరర్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక హెడ్మిస్ట్రెస్ హాయిగా ఒక కునుకు తీసింది. లేచేసరికి ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఈ ఆదివారం ఇద్దరం ఎటైనా నడిచి వెళ్దామని చెప్పడానికి వరండాలోకి వచ్చింది. వాకిట్లో పాత కారు కింద నుంచి రెండు పాదాలు కనబడ్డాయి.

"ఏమండీ! అది రేపు తుక్కుకు పోయేది కదా!"

"పోయేదే," అంది కింద నుంచి గొంతు. "పోయేముందు ఏం జబ్బో తెలుసుకుంటే తప్పా?"

"తెలిసిందా మరి?"

"ఇంకా లేదు!" అన్నాడు డాక్టరు. నెల రోజుల్లో ఆయన గొంతు అంత సంతోషంగా ఉండగా ఆవిడ వినలేదు.

తుక్కువాడికి మాత్రం, రావద్దని, మధ్యాహ్నమే రెండు వేర్వేరు ఇళ్ల నుంచి ఫోన్లు వెళ్లాయి.