మొదటి వరుస మహిమ

విమానంలో బిజినెస్ క్లాసు టికెట్ కొనడమంటే డబ్బు తగలేయడమే అనేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. నేను ఇరవై రెండేళ్ళుగా కమ్చత్కాలో ఎర్ర చేపగుడ్లు అమ్ముకు బతుకుతున్నవాణ్ణి. పెట్టిన ప్రతి రూబులుకూ ఏం వచ్చిందో చెప్పగలను. మా రష్యా విమానాల బిజినెస్ క్లాసును మించిన సరుకు బజారులో లేదని ఘంటాపథంగా చెబుతున్నాను.

నాలుగింతలు ఇస్తే అదనంగా ఏం వస్తుందంటారా? పరదా వస్తుంది. సీటు అదే సీటు. మోకాళ్ళు ఎదుటి గోడకు తగులుతూనే ఉంటాయి. కానీ వెనక నూట నలభైమంది ఏం తింటున్నారో మనకు కనబడదు, మనం ఏం తింటున్నామో వాళ్ళకు కనబడదు. రెండువైపులా ఒకే కోడికూర అన్న రహస్యాన్ని ఆ గుడ్డ కాపాడుతుంది. ఇంత పని చేసే గుడ్డను మీరెక్కడైనా చూశారా?

టమాటా జ్యూసు వాళ్ళకు కాగితపు కప్పులో, మనకు గాజు గ్లాసులో. దిగేముందు ఆ గ్లాసు వెనక్కి వచ్చిందో లేదో చూసుకుంటారు. అంటే మనమీద ఒక కన్నుందన్నమాట. ఎకానమీలో ఎవర్ని ఎవరు పట్టించుకుంటారు?

చక్రాలు నేలకు తాకగానే వెనకవాళ్ళు చప్పట్లు కొడతారు. మొదటి వరుసవాళ్ళు కొట్టకూడదు. ప్రాణాలతో దిగడం టికెట్ ధరలోనే కలిసి ఉందన్నట్టు కూర్చోవాలి.

కంపెనీ పేరు చెప్పను. ఉచిత టికెట్టుకు పనికొచ్చే నా బోనస్ మైళ్ళు వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయి.

పోయిన ఆగస్టు సంగతే చూడండి. పెద్దనేల మీద, అంటే మా కమ్చత్కా ద్వీపకల్పం అవతల, గలీనా అర్కాద్యెవ్నా అనే ఆవిడకు పదకొండు హోటళ్ళున్నాయి. ఏడాదికి సరిపడా చేపగుడ్లు ఒక్కరి దగ్గరే కొంటుంది. ముందుగా చేరిన సీసాలోంచి ఒక్క చెంచా నోట్లో వేసుకుంటుంది. నచ్చితే రెండో సీసా మూత తీయనివ్వదు. నా గిడ్డంగిలోని నలభై పీపాలూ ఆ చెంచామీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే అందరికంటే ముందు దిగాలని మొదటి వరుసలో సీటు కొన్నాను.

ప్రయాణానికి ముందు మా ఇళ్ళలో అందరూ ఒక్క నిమిషం మాటా పలుకూ లేకుండా కూర్చుంటారు. ఆ రోజు నేను పెట్టెమీద కూర్చున్నట్టే కూర్చుని లేచాను.

"నిమిషం నిండలేదయ్యా, కూర్చో. దారి కలిసిరాదు," అంది మా ఆవిడ తమారా.

"మొదటి వరుసవాడికి దారి దానంతటదే కలిసొస్తుందిలేవే," అన్నాను.

అదే విమానంలో నా పోటీదారు యెఫీమ్ కూడా ఎక్కాడు. తువ్వాల్లో చుట్టిన సీసాను చంటిబిడ్డలా ఎత్తుకుని చివరి వరుసకు పోతూ నా దగ్గర ఆగాడు.

"ఏం ప్రోఖోర్ బావా, విమానం ముక్కు కొనేశావా?"

"తోక నీకు వదిలేశాలే. గట్టిగా పట్టుకో."

విమానం దిగింది. వెనక చప్పట్లు మోగాయి. నేను సీసా తీసుకుని లేచాను. ఎయిర్ హోస్టెస్ స్నెజానా అడ్డొచ్చింది.

"కూర్చోండి ప్రోఖోర్ లూకిచ్ గారూ. మీకు ప్రత్యేకంగా వ్యాను ఉందండి."

"అయితే పదమ్మా."

"పక్క సీటులో అయ్యగారు నిద్రపోతున్నారండి. ఆయన లేకుండా వ్యాను కదలదు."

"లేపు మరి."

"నేనా? మీరు లేపుతారా?"

నోరు తెరుచుకుని గురక పెడుతున్న ఆ అయ్యగారిని అప్పుడు పరకాయించి చూశాను. చేపల శాఖలో పెద్దాయన. ఏటా నా వల నీళ్ళలో పడాలంటే ఆయన సంతకం కావాలి. లేపలేదు. మీరైనా లేపరు.

"పోనీ, ఎకానమీ బస్సులో పోతానమ్మా."

"కుదరదండి. ఆ బస్సుకు మీ టికెట్ చెల్లదు."

వెనక మెట్లు దిగి నూట నలభైమంది బస్సులెక్కారు. కిటికీలోంచి నాకు తువ్వాలు ఊపినవాడెవడో వేరే చెప్పాలా?

నలభై నిమిషాల తర్వాత అయ్యగారు ఒళ్ళు విరుచుకుని కళ్ళు తెరిచారు. "ఇంతసేపు ఎందుకు ఆపారు? అవతల నాకు పనుంది," అని విసుక్కున్నారు.

నేను వెళ్ళేసరికి గలీనా అర్కాద్యెవ్నా చెంచా తుడుచుకుంటోంది. "నీదీ బాగానే ఉండుంటుంది ప్రోఖోర్. ఈ ఏటికి నా నోటికి రుచి చూసే పని అయిపోయింది," అంది.

తమారాకు ఫోన్ చేశాను. అంతా విని, "ఇంట్లో ఊరికే ఒక్క నిమిషం కూర్చోమంటే కూర్చోలేదు. నాలుగింతలిచ్చి నలభై నిమిషాలు కూర్చుని వచ్చావా?" అంది.

అయినా బిజినెస్ క్లాసును నేను ఒక్క మాట అనను. వాళ్ళు అమ్మింది మొదటి సీటు, ఇచ్చిందీ మొదటి సీటే. ముందు పోయే హక్కు కూడా అందులోనే ఉందనుకోవడం నా పొరపాటు. మా దేశంలో అది డబ్బున్నవాడికి రాదు, సంతకం చేసేవాడికి వస్తుంది.

వచ్చే ఆగస్టుకు మొదటి వరుసలో ఒక టికెట్ ఇప్పటికే కొనేశాను. ఆ అయ్యగారు అప్పుడూ అదే సీటులో వస్తారట, ఆయన పక్కదే. అది యెఫీమ్‌కు పుట్టినరోజు కానుక. నేను తోక దగ్గర కూర్చుంటాను.