పళ్ళు లేని మాట

ఆ ఉదయం ఇన్నకెంతీ మల్యూగిన్ చేయవలసిన పని ఒక్కటే. మంచు హాకీ క్లబ్బుకు వెళ్ళి, డైరెక్టరు ఎదుట నిలబడి, “నేను ఇంకా ఆడతాను” అని చెప్పాలి. ముప్ఫై ఏడేళ్ళు నిండిన ఫార్వర్డును ఏ క్లబ్బూ పిలిచి పీట వెయ్యదు, నోరు తెరిచి అడగాల్సిందే. ఆ ఉరల్ కొండల ఊళ్ళో అతను పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్నాడు. జట్టంతా అతన్ని తాతా అనే పిలుస్తుంది. ఆ తాత మాత్రం ఇంకొక్క ఏడాది మంచు మీద ఉండాలని లోలోపల పసిపిల్లాడిలా మారాం చేస్తున్నాడు.

లిఫ్టులో ఆ వాక్యాన్ని ఒకసారి పైకి అని చూసుకుంటే మాటకు బదులు గాలి వచ్చింది. ముందరి పై నాలుగు పళ్ళూ నోట్లో లేవు. అసలువి ఏనాడో ఎవరి కర్ర దెబ్బకో రాలిపోయాయి, పెట్టుడువి వంటింట్లో గ్లాసులో ఉన్నాయి. కానీ గడప దాటాక మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి వెళితే తలపెట్టిన పని చెడుతుంది. ఈ విషయంలో హాకీవాళ్ళతో వాదించడం దండగ. అందుకని కిందికి దిగి భార్య తైసియాకు ఫోను చేశాడు. పళ్ళు లేకపోయినా అతని మాట అర్థమయ్యేది ఊళ్ళో ఆమె ఒక్కతికే.

“కిటికీలోంచి పడెయ్, తాయా.”

“పైకొచ్చి తీసుకుంటే ఏం పోతుంది, కేషా?” అంది ఆమె, అతని ముద్దుపేరుతో.

“పని పోతుంది.”

ఐదో అంతస్తు నుంచి ఉన్ని మేజోడు మూటొకటి కిందికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మంచు ఎత్తే బండి సందులోకి రావడం, మూట దాని తొట్టిలో పడడం, బండి మలుపు తిరగడం జరిగిపోయాయి. ఇన్నకెంతీ దాని వెనకాల పరుగెత్తి, ఆయాసం తప్ప ఏమీ దక్కించుకోలేకపోయాడు.

డైరెక్టరు వెనియామిన్ గ్లేబొవిచ్ ఈ తాతను ఎలా వదిలించుకోవాలా అని చాన్నాళ్ళుగా నిద్ర మానుకున్న మనిషి. మొహాన చెప్పే ధైర్యం మాత్రం లేదు. అలాంటి మనిషి ముందు ఇన్నకెంతీ గొంతు సవరించుకుని తన వాక్యం వదిలాడు. అది “ఇంకాఫాను” అని బయటికొచ్చింది. ఇంకా ఆడతాను అన్నాడో, ఇంక ఆగుతాను అన్నాడో తేల్చుకోవలసింది వినేవాడే.

“ఇంక ఆగుతావా? ఎంత పెద్ద మనసయ్యా నీది,” అంటూ డైరెక్టరు లేచి అతన్ని వాటేసుకుని, మూడుసార్లు బుగ్గలు ముద్దుపెట్టుకున్నాడు. ఇన్నకెంతీ తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ చెప్పబోయాడు, కంగారులో కళ్ళ నీళ్ళొచ్చాయి. ఏడవకు నాయనా, నాకూ ఏడుపొస్తోంది అన్నాడు డైరెక్టరు. కాగితం ఇవ్వమని సైగ చేస్తే, వీడ్కోలు మాటలు రాస్తాడనుకుని, రాత్రి ఆట అయ్యాక మైకులో నీ నోటితోనే చెప్పు అని కలం లాగేసుకున్నాడు.

మధ్యాహ్నానికి రేడియోలో వచ్చేసింది, ఇవాళ తాత చివరి ఆట అని. చలికాలమంతా సగం ఖాళీగా ఉన్న స్టేడియంలో సాయంత్రానికి కాలు పెట్టే చోటు లేదు. జట్టువాళ్ళు ముచ్చటపడి మంచుకు చిల్లి పెట్టే బర్మా, మడత కుర్చీ తెచ్చిచ్చారు, ఇకపై గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టుకోమని. ఆ కుర్చీని చూస్తే ఇన్నకెంతీకి నిజంగానే దుఃఖం వచ్చింది. ఆట ఆఖర్లో ఎవరో కొట్టిన రబ్బరు బిళ్ళ అతని మోకాలికి తగిలి గోలులో పడింది. జనం దాన్ని కూడా అతని ప్రతిభ కిందే జమకట్టారు.

ఆట ముగిశాక మైకు చేతికిచ్చారు. అతను ప్రాణమంతా కూడదీసుకుని మళ్ళీ ఆ మాటే అన్నాడు.

“ఇంకాఫాను.”

“ఇంకా ఆడతానన్నాడు,” అన్నాడు పై వరుసలో ఒకడు. వేలమంది విన్నదీ అదే, ఎందుకంటే వాళ్ళకు కావలసింది అదే. కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. నిండిన కుర్చీలకేసి చూసిన డైరెక్టరుకు కూడా చెవులు బాగుపడ్డాయి. మైకు అందుకుని, తాతను పొద్దుటి నుంచీ బతిమాలి ఒప్పించింది తనేనని ప్రకటించాడు.

ఇంటికి వచ్చాక తైసియా వేడి సూపు పెట్టి, పక్కన గ్లాసు పెట్టింది. అందులో నాలుగు పళ్ళూ మెరుస్తున్నాయి.

“ఇవి మంచుబండిలో పోలేదూ?”

“పోయింది ఉత్త మేజోడే. నీ నోరు పెగలకపోతే ఇంటిపట్టున ఉంటావనుకున్నా. రాత్రంతా నీ మోకాళ్ళ మూలుగు వినేది నేనేగా, కేషా.”

ఇన్నకెంతీకి కోపం రావలసింది, రాలేదు. భార్య మీద జాలి, ప్రేమ రెండూ ఒక్కసారే వచ్చాయి. గిన్నెడు సూపూ తాగేశాడు.

మర్నాడు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వెళ్తూ, అచ్చొచ్చిన నోరు కదా అని పళ్ళను కావాలనే గ్లాసులో వదిలి వెళ్ళాడు.