ఖాళీ గ్లాసులు చెప్పిన వయసు

ఆ రోజు పొద్దున ఆకాశం కురవడానికి సిద్ధమైనట్టే సిద్ధమై, ఎవరో వెనక్కి పిలిచినట్టు ఆగిపోయింది. నల్లమబ్బు ఒకటి ఇళ్ళ కప్పుల మీదికొచ్చి నిలబడింది. ఒక్క చుక్క రాలలేదు.

ముక్కాయన గుమ్మంలో నిలబడి మబ్బుకేసి చూస్తున్నాడు.

"బయట వాసన ఎలా ఉందండీ?" వంటింట్లోంచి భార్య అడిగింది.

ముక్కాయన గుండెల నిండా గాలి పీల్చాడు. "అబ్బబ్బ! తడిమట్టి వాసన. ప్రాణం లేచొస్తోందనుకో."

ఆవిడ వచ్చి కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసి, గడియలు పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. బ్రాందీ గోదాంలో ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం వాసన చూడడం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ద్రాక్షదా ఆపిల్‌దా, పీపాలో ఎన్నేళ్ళు నిద్రపోయింది, ఖరీదైన ఫ్రెంచి బ్రాందీ కోన్యాక్ అని చెప్పి అమ్ముతున్నది నిజంగా కోన్యాకేనా, ఎంత ధర పెట్టొచ్చు, అన్నీ చెప్పేవాడు. ఆయన ముక్కు విరిచాడంటే ఆ సరుకు ధర సగానికి పడిపోయేది. అందుకే ముక్కాయన.

మూడు వారాల కిందట ఆయనకు జలుబు చేసింది. ఆ జలుబు ఒట్టిచేతులతో పోలేదు, వాసన కూడా పట్టుకుపోయింది. నాలుకకు తీపీ, చేదూ, మంటా తెలుస్తున్నాయి. అంతకు మించి కోన్యాక్‌కూ కిరసనాయిలుకూ తేడా లేదు.

ఈ సంగతి గోదాంలో చెబితే కుర్చీ పోతుంది. ఇంట్లో చెబితే అంతకన్నా ప్రమాదం. "నూనె కాగకముందే ఉల్లిపాయ వేశావు" అని వీధి గుమ్మంలోంచే పసిగట్టి, ఇరవై రెండేళ్ళు భార్యను వేపుకుతిన్న ముక్కు అది.

మార్గం అనుకోకుండా దొరికింది. వాసన పోయాక, ఎప్పటిలాగే నమూనాలు ఇంటికి తెచ్చుకుని, ఒక్కో గ్లాసూ గుటకేసి, ఏమీ అంతుపట్టక తల పట్టుకు కూర్చున్న మొదటి సాయంత్రం, భార్య ఆ గ్లాసులు కడుగుతూ సణుక్కుంటోంది.

"ఇదేం గ్లాసో, తడిసిన గోనెసంచి కంపు. ఇదొకటి, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు! ఇది మాత్రం మా అమ్మమ్మ పెట్టె తెరిచినట్టుంది. పాత చెక్కా, ఎండుపళ్ళూనూ."

ఆవిడ జన్మలో బ్రాందీ చుక్క ముట్టలేదు. కానీ తాగేశాక గ్లాసు అడుగున మిగిలే వాసన పీపా సంగతి ఉన్నదున్నట్టు చెబుతుందని ఆ వృత్తిలో అందరికీ తెలుసు. ముక్కాయన ఇంటికి తెచ్చిన గ్లాసుల అడుగులన్నీ ఇన్నేళ్ళూ ఈవిడే కడిగింది.

ముక్కాయన చప్పుడు చేయకుండా కాగితం అందుకున్నాడు. గోనెసంచిని 'నేలమాళిగలో తేమ పట్టిన పీపా' అని రాశాడు. గోళ్ళరంగును 'తొందరపడి కాచిన లేత సరుకు' అన్నాడు. అమ్మమ్మ పెట్టెకు 'పాతికేళ్ళకు తక్కువ లేదు, ధర తగ్గించవద్దు' అని రాసి కింద గీత కూడా గీశాడు.

గోదాం యజమాని, అందరూ పెద్దాయన అనేవారు, ఆ కాగితాలు చూసి మురిసిపోయాడు. "ఈమధ్య నీ ముక్కు మరీ పదునెక్కిందయ్యా!"

అంతలో తేనెనోరు దిగాడు. ఆ వర్తకుణ్ణి వెనకాల అందరూ అలాగే పిలిచేవారు. నలభై ఏళ్ళ కోన్యాక్, పన్నెండు పీపాలు అమ్ముతానన్నాడు. కొంటే పెద్దాయన ఉన్నదంతా ఊడ్చిపెట్టాలి. ముక్కాయన ఊఁ అంటే కొంటానన్నాడు.

గోదాంలో వాసన చూడమంటే అక్కడ భార్య ఉండదు. ముక్కాయన ఒక ఎత్తు వేశాడు. "ఇక్కడ పీపాల వాసనలన్నీ కలగలిసిపోతాయండీ. మా ఇంటికి రండి. మా వీధి గాలంత శుభ్రమైన గాలి ఇంకెక్కడా దొరకదు."

వాళ్ళు వచ్చింది ఆ మబ్బు పట్టిన పొద్దున్నే. పెద్దాయనా తేనెనోరూ ఇద్దరూ ముక్కులకు చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకుని గుమ్మం ఎక్కారు.

"అయ్యో, జలుబు చేసిందా అండీ? ఇద్దరికీ ఒకేసారే!" అన్నాడు ముక్కాయన.

పెద్దాయన వింతగా చూశాడు. లోపలికొచ్చి, తలుపు తానే వేశాడు.

బల్ల మీద రెండు గ్లాసులు. ఒకటి గోదాంలోని అసలైన పాత కోన్యాక్, పోల్చుకోవడానికి. రెండోది తేనెనోరు తెచ్చినది, ముదురు రంగు.

"నేను పుట్టకముందు పీపాలో పడ్డ సరుకండీ," అన్నాడు తేనెనోరు. "దీన్ని చూస్తే నాకే నమస్కారం పెట్టాలనిపిస్తుంది."

ముక్కాయన రెండూ తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండోది తియ్యగా ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి నడిచాడు.

"వీటిని కాస్త కడుగు," అని భార్య చేతికిచ్చి, తలుపు పక్కన నిలబడి చెవి ఒగ్గాడు.

సణుగుడు లేదు.

"ఏమే, ఏమీ అనవేం?"

"ఏమనాలి?"

"రోజూ గ్లాసుల్ని తిడతావుగా."

"పెద్దమనుషులు ఇంట్లో ఉండగా తిడితే బావుంటుందా? మీ పరువేం కావాలి?"

"నా పరువు నేను చూసుకుంటాను. నువ్వు తిట్టు!"

"అడిగి తిట్టించుకుంటే రావండీ తిట్లు. కోపం రావాలి."

"మొన్న మీ తమ్ముణ్ణి నేనన్న మాట గుర్తు తెచ్చుకో!"

"ఆ కోపం మీ మీద. గ్లాసేం చేసింది?"

ముందు గదిలోంచి పెద్దాయన పిలిచాడు. "తేల్చావా, ఏమయ్యా?"

ముక్కాయన వెళ్ళి నిలబడ్డాడు. తీపి ఉంది, రంగుంది. ఇంకేం కావాలి? "నలభై ఏళ్ళకు తక్కువ లేదండీ," అనేశాడు.

తేనెనోరు ఒప్పందం కాగితం పరిచాడు. పెద్దాయన కలం మూత తీశాడు.

అప్పుడు తెర కదిలింది. రెండు చేతుల్లో రెండు గ్లాసులతో భార్య వచ్చింది. రెండూ కడగనివే.

"బాబాయిగారూ, సంతకానికి ముందు ఒక్కసారి ఇవి వాసన చూడండి. ఇది మీ గోదాంది. అచ్చం అమ్మమ్మ పెట్టె. ఇదేమో మాడిన చక్కెర. చెక్క వాసన మచ్చుకైనా లేదు. చక్కెర మాడ్చి రంగు కలిపారు. ఇది పీపాలో మూడేళ్ళు కూడా ఉండి ఉండదు."

పెద్దాయన మొదటిది చూశాడు. రెండోది చూశాడు. కలం మూత మెల్లగా బిగించాడు. తేనెనోరుకు హఠాత్తుగా ఎక్కడో పని గుర్తొచ్చింది. సీసా కూడా మరిచిపోయి వెళ్ళాడు.

"అయితే ఈమధ్య ఈయన రాసిచ్చిన కాగితాలూ?" అన్నాడు పెద్దాయన.

"రాత ఆయనదేనండీ," అంది ఆవిడ. "పదిహేను రోజుల కిందట కూర అడుగంటింది. ఈయన లొట్టలేసుకుంటూ తిని, నీ చేతి ఘుమఘుమే వేరు అన్నారు. అప్పుడే నాకు తెలిసింది. నాటినుంచీ ఆయనకు వినబడాలని గొంతు పెంచి సణుగుతున్నాను. ఇవాళ నాలుగిళ్ళ అవతల మురుగుకాలువ తవ్వుతుంటే, తడిమట్టి వాసన, ప్రాణం లేచొస్తోంది అన్నారు."

"అందుకా మాకు జలుబు చేసిందన్నావు!" పెద్దాయన పగలబడి నవ్వాడు.

ముక్కాయన భార్య వైపు తిరిగాడు. "మరి ఇవాళెందుకు సణగలేదే?"

"ఇవాళైనా నిజం చెప్పి అడుగుతారేమోనని చూశాను," అందావిడ. "తిట్టమన్నారు గాని, ముక్కు పోయిందన్న మాట రానేలేదు."



పెద్దాయన కలం జేబులో పెట్టుకున్నాడు. "అమ్మా, రేపట్నుంచి గోదాంకు నువ్వు రా. ఆ కుర్చీ నీది."

"మరి నేనో?" అన్నాడు ముక్కాయన నెమ్మదిగా.

"నీ ముక్కు తిరిగొచ్చేదాకా నువ్వూ రా. గ్లాసులు ఎవరో ఒకరు కడగాలిగా."

భోంచేసి వెళ్ళాల్సిందేనని ఆవిడ పట్టుబట్టింది. మూడు కంచాలు పెట్టి, పొయ్యి మీద గిన్నె దించి తెచ్చింది. ఇంతసేపూ అది పొయ్యి మీదే ఉందని ముక్కాయనకు అప్పుడు గుర్తొచ్చింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అలవాటుగా ఏదో అనబోయి ఆగాడు. బాగుందనాలో మాడిందనాలో తెలియలేదు. పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఆయన తల వంచుకుని తింటున్నాడు. భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ తింటూ, కళ్ళెత్తి, ఆయన మాట కోసమే ఎదురుచూస్తోంది.

ముక్కాయన రెండో ముద్ద కలుపుకున్నాడు. ముగ్గురూ గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు. కూర మాడిందో లేదో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.