బోరుకు పడ్డ ఓట్లు

ఆ ఆదివారం పొద్దున టైలరమ్మ భర్త వేసుకున్న పథకం చాలా చిన్నది. మెట్లు దిగాలి, అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో లిఫ్టుకు ఓటు వేయాలి, మెట్లెక్కి వచ్చి మళ్ళీ పడుకోవాలి. అతనికీ ఒక ఉద్యోగం ఉంది గాని అదేమిటో ఎవరికీ గుర్తుండదు. భార్య నాలుగో అంతస్తులో కుట్టుమిషను పెట్టిన నాటి నుంచి అందరికీ అతను టైలరమ్మ గారి ఆయన.

లిఫ్టు మూలపడి చాలాకాలమైంది. కొలతలివ్వడానికి ఒకసారి ఆయాసపడుతూ ఎక్కినవాళ్ళు రెండోసారి వేరే టైలరును వెతుక్కుంటున్నారు.

"ఇవాళ లిఫ్టు గెలవకపోతే మిషను మా అన్నయ్య వాళ్ళింటికి మార్చేస్తా. వాళ్ళది కింది ఇల్లు," అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ.

"మరి నువ్వో?"

"మిషను దానంతటదే కుడుతుందా?"

ఆ మిషను చప్పుడు లేని ఇంట్లో ఒక్క పూట ఉండడం కూడా అతనికి చేతకాదు. "అక్కడ అనవసరంగా నోరు విప్పకండి. ఓటేసి వచ్చేయండి చాలు," అని చెప్పి మరీ పంపింది.

కార్ల షెడ్డులో కుర్చీలు వేశారు. సంఘం దగ్గరున్న నిధి ఒక్క పనికే సరిపోతుంది. పై అంతస్తుల వాళ్ళకు లిఫ్టు కావాలి, కింది వాళ్ళకు తోటకు నీళ్ళివ్వడానికి కొత్త బోరు కావాలి. పోయినసారి చేతులెత్తమంటే ఒళ్ళు విరుచుకున్న ఒకాయన రెండు చేతులూ లెక్కలోకి వచ్చి పెద్ద రభస అయింది. అందుకని సెక్రటరీగా ఉన్న పళ్ళ డాక్టరు కొత్త పద్ధతి కనిపెట్టాడు.

"ఎవరూ అరవక్కర్లేదు. ఫోన్లు తీసి మన గ్రూపులో లిఫ్టు అనో, బోరు అనో కొట్టండి. ఈలోగా ప్రెసిడెంటు గారు రెండు ముక్కలు మాట్లాడతారు."

ప్రెసిడెంటు గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కింది ఇంట్లో ఉంటూ గులాబీలు పెంచుతారు. ఆయన రెండు ముక్కలు మేఘాల పుట్టుక దగ్గర మొదలయ్యాయి. వాన కురిసి, ఆవిరై, మళ్ళీ మేఘమైంది. అది మళ్ళీ కురిసి నేలలోకి ఇంకే వేళకు మూడో అంతస్తు బ్యాంకాయన కునుకు తీస్తున్నాడు.

టైలరమ్మ భర్త ఓటు కోసం గ్రూపు తెరిచి పెట్టుకుని ఉన్నాడు. అంతలో ఫోను పైభాగాన భార్య ప్రశ్న మెరిసింది: "ఎలా ఉంది?" అతను ఆవులింత ఆపుకుంటూ "బోరు" అని కొట్టాడు. ప్రశ్న భార్యది, జవాబు పడింది గ్రూపులో. అతను చూసుకోలేదు.

లిఫ్టు లేక సంసారం కూలేలా ఉన్న మనిషి బోరు కోరడని పై అంతస్తులన్నిటికీ తెలుసు. కనక ఆ మాట ప్రసంగం గురించేనని ఇట్టే అర్థం చేసుకున్నారు. పోనీలే, ఒక్కడికైనా ధైర్యం వచ్చిందని వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. "మహా బోరు," అన్నారొకరు. "బోరంటే బోరా!" అన్నారింకొకరు. బ్యాంకాయన కూడా ఒక కన్ను తెరిచి "బోరు" కొట్టి, మళ్ళీ మూశాడు.

ప్రసంగం ఇంకా ఇంకుతుండగానే డాక్టరు లేచాడు. "బోరుకు తిరుగులేని మెజారిటీ!"

ప్రెసిడెంటు గారి కళ్ళు చెమర్చాయి. "నా మాటలు పై అంతస్తుల వాళ్ళ మనసు కూడా మార్చాయంటే..."

పై అంతస్తులు ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. తప్పు సరిదిద్దాలంటే ఆ పెద్దమనిషి మొహం మీదే అసలు సంగతి చెప్పాలి. అందరి చూపులూ మొదలుపెట్టినవాడి మీదికి తిరిగాయి. అతను అప్పుడు ఫోను చూసుకుని, తర్వాత తన చెప్పుల వైపు చాలా శ్రద్ధగా చూడసాగాడు.

మెట్ల మీద ధబధబ చప్పుడైంది. మెడలో టేపుతో టైలరమ్మ దిగివచ్చింది. ఆవిడ కూడా గ్రూపులో ఉంది మరి.

"బోరుకి ఓటేశారా? మీరా? అన్నయ్యకి ఫోన్ చేసేశాను, బండి తెస్తున్నాడు!"

"నేనెక్కడ ఓటేశానే! ఎలా ఉందని నువ్వేగా అడిగావు? ప్రెసిడెంటు గారి ప్రసంగం బోరు కొడుతోందని నీకు చెప్పాను!"

షెడ్డులో తలలన్నీ ప్రెసిడెంటు గారి వైపు తిరిగాయి. తానేమన్నాడో అతనికి అప్పుడు వినిపించింది.

"నాదీ అదేనండి," అన్నాడు బ్యాంకాయన నేల చూపులు చూస్తూ. "మాదీ," అన్నారు వెనక వరసలో.

"కుదరదు. కొట్టింది కొట్టినట్టే లెక్క," అన్నాడు డాక్టరు.

ప్రెసిడెంటు గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "వదిలేయండి డాక్టరు గారూ. అవి బోరుకు పడ్డ ఓట్లు కావు, నాకు పడ్డవి. మళ్ళీ పెట్టండి. ఈసారి నేను మాట్లాడను." టైలరమ్మ భర్తకు నిజంగానే సిగ్గేసింది.

లిఫ్టు గెలిచింది. బావమరిది తెచ్చిన బండి ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

కొత్త లిఫ్టు తయారైన రోజు మొదట ఎక్కే గౌరవం ప్రెసిడెంటు గారికిచ్చారు. ఎలాగైనా ఆయన మనసు కుదుటపరచాలని టైలరమ్మ భర్త తోడుగా ఎక్కాడు. రెండుకూ మూడుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

"మెకానిక్కు వచ్చేదాకా ఊరికే నిలబడడం ఎందుకు?" అన్నారు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుంటూ. "ఆవేళ నీళ్ళు ఇంకడం దగ్గర ఆగాం కదా."

నీళ్ళు ఇంకి, రాతిపొరలు దాటుతుండగా భార్య నుంచి మెసేజి వచ్చింది: "ఎలా ఉంది?"

ప్రెసిడెంటు గారు మాట ఆపి, కళ్ళద్దాలు సర్దుకుని ఫోను మీదికి వంగారు. అతను ఒక్కో అక్షరమే చూసుకుంటూ "అద్భుతంగా ఉంది" అని కొట్టాడు.

ఈసారి కావాలనే గ్రూపులో పెట్టాడు.