పింబుల్‌విక్ స్థలపురాణం

"మన పింబుల్‌విక్ గ్రామానికి ఈ ఏడాదితో తొమ్మిది వందల ఏళ్ళు నిండుతున్నాయి" అని జనార్దనరావు గారు ప్రకటించగానే, చెరువు గట్టున బార్బెక్యూ చుట్టూ నిలబడ్డ నూట ఇరవై మంది చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఎవరి ఇల్లూ కట్టి ఏడేళ్ళు దాటలేదు. అయినా కొట్టారు. నాయకుడన్నవాడు అంకె చెప్పేటప్పుడు గొంతు వణకకూడదు. జనార్దనరావు గారి గొంతు వణకలేదు.

పెర్త్‌లో హారిస్‌డేల్ దాటి పది నిమిషాలు డ్రైవ్ చేస్తే వచ్చే కొత్త ఇళ్ళ ఎస్టేట్ అది. బిల్డరుకు ఇంగ్లండ్ మ్యాపులో ఎక్కడో ఒక ఊరి పేరు కనిపించి, నచ్చి, పెట్టేసుకున్నాడు. పేరుకు తగ్గట్టు ఒక గడియార స్తంభం కట్టించాడు. ఫోన్ లేని ఎర్ర ఫోన్ బూత్ ఒకటి నిలబెట్టాడు. వాననీళ్ళు పోవడానికి తవ్విన గుంటలో నాలుగు బాతుల్ని వదిలి, 'విలేజ్ పాండ్' అని బోర్డు పెట్టాడు. ఆ బోర్డుకు రెండోవైపు 'ఈ నీళ్ళు ముట్టుకోరాదు' అని ఉంటుంది. గడియారం మొదటిరోజు నుంచీ నాలుగూ పది చూపిస్తోంది. ఉన్న రెండు వందల ఇళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే.

జనార్దనరావు గారు మైనింగ్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. రెసిడెంట్స్ అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. వచ్చే ఏడాది అక్టోబరులో స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడబోతున్నారు. ఊరికంటూ చరిత్ర లేకపోతే ఊరి నాయకుడికి ఎక్కడినుంచి వస్తుందన్నది ఆయన్ను కొన్నాళ్ళుగా నిద్రపోనివ్వని ప్రశ్న. పైగా పక్క ఎస్టేటు వాళ్ళు తమది ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఇంగ్లిష్ గ్రామమని గేటు మీద చెక్కించేశారన్న వార్తను ట్రెజరర్ పాండురంగ మోసుకొచ్చాడు.

"వెయ్యి అని వేసేద్దామా సార్?" అన్నాడు పాండురంగ.

"తప్పు. అబద్ధంలా ఉంటుంది. తొమ్మిది వందలు చాలు" అన్నారు జనార్దనరావు గారు. ఆ నిగ్రహం అందరికీ రాదు.

చరిత్ర రాసే బాధ్యత సెక్రటరీ మల్లికార్జున మీద పడింది. మల్లికార్జునది వరంగల్. ఆఫీసులో టెస్ట్ రిపోర్టులు రాస్తాడు కాబట్టి అతనికి రచన వచ్చునని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. వారం రోజులు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పేజీ మీద 'పింబుల్‌విక్' అన్న మాట తప్ప ఇంకేమీ పడలేదు. చివరికి ప్రెసిడెంటు గారింటికి వెళ్ళి, ఆయన భార్య శ్యామసుందరి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు.

"అక్కా, నాకు హిస్టరీ ఏడొస్తదక్కా? ఇంటర్ల నాది ఎంపీసీ."

శ్యామసుందరి అప్పుడు వంటగదిలో గోంగూర ఒలుస్తోంది. ఆ ఇంటి ముందు, దారి పక్కన, ఆవిడ పెంచుకుంటున్న గోంగూర మడి ఉంది. పెర్త్ ఇసుకలో ఆవిడ మల్లె వేస్తే ఎండింది, నిమ్మ వేస్తే ఎండింది, ఆఖరికి కాక్టస్ వేసినా ఎండింది. హారిస్‌డేల్‌లో ఉండే స్నేహితురాలు లలితకుమారి ఇచ్చిన గోంగూర గింజలు మాత్రం వారంలో మొలిచాయి. ఆరోజు ఆవిడ ఆ మొక్కల పక్కన నేలమీద కూర్చుని ఏడ్చింది. ఈ దేశం తనను ఉండమన్నదని ఆవిడకు అనిపించింది ఆరోజే.

"హిస్టరీ ఎందుకురా, మన ఊళ్ళకేం హిస్టరీ ఉందీ? స్థలపురాణం ఉంటుంది. అది రాయి" అంది. "తన్మయి చిన్నప్పుడు గోంగూరన్నం తినకపోతే ఒక కథ చెప్పేదాన్ని. ఒక ముని చెరువుగట్టున తపస్సు చేస్తుంటాడు. తిండి లేక కళ్ళు తిరిగి పడిపోతాడు. అప్పుడొక బాతు ముక్కున కరుచుకుని ఎర్రకాడల పుల్లాకు తెచ్చి నోట్లో పెడుతుంది. ఆయన లేచి కూర్చుని, ఈ ఆకు తిన్నవాళ్ళకి పరీక్షల్లో ఫస్టు మార్కు వస్తుందని వరమిస్తాడు."

పక్కగదిలోంచి, యూనివర్సిటీలో చదివే కూతురు తన్మయి అరిచింది: "మమ్మీ, దట్ స్టోరీ మేక్స్ నో సెన్స్! డక్స్ డోంట్ ఈవెన్ డూ దట్!"

"నువ్వు తిన్నావా లేదా?" అంది తల్లి.

మల్లికార్జున మొహం వెలిగిపోయింది. ఇంటికి పోయి ఒక్క పూటలో రాసేశాడు. మునిని సెయింట్ పింబుల్ చేశాడు. ఫస్టు మార్కు తీసేసి పంటలు పండుతాయని పెట్టాడు. ముహూర్తం కూడా ఉంటే బాగుంటుందనిపించి, తనకు బాగా గుర్తున్న ముహూర్తం వేశాడు. ఆ విధంగా సెయింట్ పింబుల్ 1126వ సంవత్సరం మార్చి పద్నాలుగో తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు ఆకు తిని లేచి కూర్చున్నాడు. జనార్దనరావు గారు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇంత కాలం ఇది మననుంచి ఎందుకు దాచారో!" అన్నారు. చరిత్ర ఆ సాయంత్రమే అసోసియేషన్ వెబ్‌సైటులోకి ఎక్కింది.

ఇంగ్లండులోని అసలు పింబుల్‌విక్‌కు ఆహ్వానం వెళ్ళింది. ఆ ఊరి పంచాయతీలాంటి పారిష్ కౌన్సిల్ అధ్యక్షురాలు మిసెస్ విటిల్‌కు పెర్త్‌లో మనవడున్నాడట. మార్చిలో ఎలాగూ వస్తున్నాను, తప్పకుండా హాజరవుతాను, మా చరిత్రను మీ వేదిక మీద చదవడం నాకు గౌరవం అని జవాబు రాసింది. జనార్దనరావు గారు ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి ఫోన్ బూత్‌లో అతికించారు. ఆ బూత్ మొదటిసారి ఎవరికైనా పనికొచ్చింది అప్పుడే.

అసలు ఇంగ్లిష్ మనిషి వస్తోందంటే ఊరు ఇంగ్లిష్ ఊరులా ఉండొద్దూ? అందుకని 'విలేజ్ క్యారెక్టర్ నిబంధనలు' వచ్చాయి. ఇళ్ళ ముందు లావెండరూ గులాబీలూ తప్ప మరేవీ కనపడకూడదు. డ్రైవ్‌వే మీద ముగ్గులు, ట్రాంపొలీన్ మీద వడియాలు నిషేధం. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన పద్నాలుగో నంబరు ఇంటికి మొదటి నోటీసు వెళ్ళింది. 'మీ ముంగిట గ్రామ స్వభావానికి విరుద్ధమైన మొక్కలు గలవు' అని రాసి, కింద ప్రెసిడెంటు సంతకం చేశారు. పద్నాలుగో నంబరు ప్రెసిడెంటు గారి ఇల్లే. సొంతింటికే ముందు నోటీసు ఇచ్చుకున్న నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

"ఏమండీ, ఇదేమిటి?" అంది శ్యామసుందరి నోటీసు పట్టుకుని.

"అసోసియేషన్ వాళ్ళు పంపినట్టున్నారు."

"సంతకం మీదేగా?"

"అది అఫీషియల్ కెపాసిటీలో పెట్టింది. ఇంట్లో మాట్లాడటం కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ అవుతుంది."

"ఆ మడి నా ప్రాణమని మీకు తెలియదూ? ఈ దేశంలో నేను వేసినవాటిలో అదొక్కటే బతికింది. వెనక యార్డంతా మీరు పేవర్ రాళ్ళు పరిపించారు, ఇంకెక్కడ వేసుకోను?"

జనార్దనరావు గారి మనసు ఒక్క క్షణం కలుక్కుమంది. కాని కౌన్సిల్ సీటు గుర్తొచ్చి సర్దుకుంది. "మినహాయింపుకి ఫారం ఉంది సుందరీ. నింపి ఇవ్వు. ట్వంటీ ఎయిట్ వర్కింగ్ డేస్‌లో నిర్ణయం చెప్తాం."

"ఉత్సవం ఇరవై రెండు రోజుల్లోనే కదండీ!"

"అందుకే వెంటనే అప్లై చెయ్యమంటున్నాను."

ఆవిడ ఫారం నింపి ఆయన చేతికే ఇచ్చింది. అందినట్టు ఆయన రసీదు కూడా ఇచ్చారు. మార్చి పదమూడున, నిర్ణయం ఇంకా పెండింగులో ఉండగానే, పాండురంగ గ్లవ్స్ వేసుకుని వచ్చి మడిని వేళ్ళతో సహా పీకేశాడు. శ్యామసుందరి గుమ్మంలో నిలబడి చూసింది. తరవాత చెత్తబిన్నులోంచి ఆకంతా ఏరుకుని, కడిగి, ఆరబెట్టి, మిక్సీ ముట్టుకోకుండా రోట్లో పచ్చడి నూరింది. రోకలి చప్పుడు నాలుగిళ్ళ దాకా వినిపించింది. ఆ రోజంతా జనార్దనరావు గారు ఇంట్లోకి రాలేదు, వేదిక ఏర్పాట్లు చూసుకున్నారు.

మార్చి పద్నాలుగు, శనివారం. చెరువు పక్కన వేదిక. జ్యోతి ప్రజ్వలన ఆ గాలికి ఆరుసార్లు జరిగింది. కౌన్సిల్ మనుషులు ముందు వరసలో కూర్చున్నారు. మిసెస్ విటిల్‌కు ఒక శాలువా కప్పారు. తరవాత మహిళా విభాగం తరఫున ఒకటి, యువజన విభాగం తరఫున ఒకటి కప్పారు. ముప్ఫయ్యెనిమిది డిగ్రీల ఎండలో మూడు శాలువాల కింద ఆ పెద్దావిడ ముఖం ఎర్రబడి, అచ్చం ఇంగ్లండునుంచి వచ్చినదానిలా కనిపించింది. మైకు ముందుకొచ్చి హాండ్‌బాగ్‌లోంచి కాగితం తీసింది.

"మా ఊరు 1983లో ఒక బిల్డరు కట్టిన కాలనీ అనే ఇన్నాళ్ళూ మేమంతా అనుకున్నాం" అంది. "ఈ మధ్యే మా అసలు చరిత్ర ఇంటర్నెట్‌లో దొరికింది. ఇప్పుడు మా వెబ్‌సైటులో కూడా పెట్టుకున్నాం."

ఆపైన చదవడం మొదలుపెట్టింది. సెయింట్ పింబుల్ వచ్చాడు. తపస్సు చేశాడు. బాతు వచ్చింది. 1126వ సంవత్సరం, మార్చి పద్నాలుగు, మధ్యాహ్నం పన్నెండూ నలభై.

ఆడవాళ్ళ వరసలోంచి మల్లికార్జున భార్య నీరజ మెల్లగా వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, గది మన లగ్గం టైం గదా?" మల్లికార్జున బాతుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

చప్పట్లు ఆగాక మిసెస్ విటిల్ జనార్దనరావు గారి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్ళు నిజంగానే తడిశాయి. "మా ఊరంతా వెతికాం, ఆ ఎర్రకాడల పుల్లాకు ఎక్కడా మిగల్లేదు. మీ గ్రామంలో పెరుగుతోందా? ఒక్కసారి చూపిస్తారా?"

"అది... ఆ ఆకు..." అన్నారు జనార్దనరావు గారు. గొంతు వణికింది. ఆయన రాజకీయ జీవితంలో అది మొదటిసారి. ఇంతలో శ్యామసుందరి గోంగూర పచ్చడి సీసా, చెంచా పట్టుకుని వేదిక ఎక్కి, ఆ పెద్దావిడ చేతికిచ్చింది. మిసెస్ విటిల్ చెంచాడు నోట్లో పెట్టుకుంది. గుంటూరు మిరపకాయ కదా, కళ్ళ వెంట ధారలు కట్టాయి. ఆ భక్తి చూసి ముందు వరస లేచి నిలబడింది. జనార్దనరావు గారు తేరుకుని మైకందుకున్నారు. "తొమ్మిది వందల ఏళ్ళుగా మనం ప్రాణంగా కాపాడుకుంటున్న సంపద ఇది!" అన్నారు.

సోమవారానికి నిబంధనలు మారాయి. ఇకనుంచి పింబుల్‌విక్‌లో ప్రతి ఇంటి ముందూ సెయింట్ పింబుల్ ఆకు ఉండి తీరాలి. మంగళవారం పద్నాలుగో నంబరు ఇంటికి రెండో నోటీసు వచ్చింది. 'మీ ముంగిట గ్రామ స్వభావానికి అవసరమైన మొక్కలు లేవు. పద్నాలుగు రోజుల్లో సరిచేసుకోగలరు.' కింద అదే సంతకం. శ్యామసుందరి దాన్ని మొదటి నోటీసు పక్కనే ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది.

ఎస్టేటు మొత్తంలో గోంగూర గింజలున్నది ఒక్కచోటే, ఆవిడ వంటగదిలో పాత కాఫీ డబ్బాలో. శనివారం ఉదయానికి గుమ్మం ముందు క్యూ గడియార స్తంభం దాకా సాగింది. పాండురంగ గ్లవ్స్ జేబులో దాచుకుని నిలబడ్డాడు. తొమ్మిదో మనిషిగా జనార్దనరావు గారు వచ్చారు. పద్ధతి పద్ధతే కాబట్టి ఆయన కూడా లైనులోనే వచ్చారు.

"నాకొక గుప్పెడు ఇవ్వు సుందరీ. నోటీసు గడువు దగ్గరికొస్తోంది."

ఆవిడ బల్ల మీదున్న కాగితాల్లోంచి ఒకటి తీసి ముందుకు తోసింది. "ఫారం నింపండి."

"నేనే! మీ ఆయన్ని!"

"అప్లికెంటుతో బంధుత్వం అని అక్కడొక కాలమ్ ఉంది చూడండి, అందులో రాయండి."

జనార్దనరావు గారు గోడకానుకుని, పెన్ను అరువు తీసుకుని, పేరూ చిరునామా రాసి, సంతకం చేసి ఇచ్చారు. ఆవిడ తేదీ చూసుకుంది. రసీదు చింపి చేతిలో పెట్టింది.

"ట్వంటీ ఎయిట్ వర్కింగ్ డేస్‌లో నిర్ణయం చెప్తాం" అని, ఆయన భుజం మీదుగా చూస్తూ, "తరవాతెవరండీ?" అంది.